తలకిందుల కొవ్వొత్తి

ఓలెక్సా తనది కాని పండగనాడు, తనది కాని బిళ్ళ మెడలో వేసుకుని చచ్చిపోయాడు.

మా ఏటి ఒడ్డు వీధిలో క్రిస్మసు రెండుసార్లు వస్తుంది. సముద్రం దాటి ఈ ఉక్కు మిల్లులో కూలికి వచ్చిన రెండు జాతులవాళ్ళం మేము. స్లోవాకులది డిసెంబరులో. రుసీనులది పాత పంచాంగం కనుక వాళ్ళ యేసు జనవరిలో గాని పుట్టడు. మిల్లుకి మాత్రం ఏ పండగా లేదు. దేవుడు పుట్టినా చచ్చినా కొలిమి మండుతూనే ఉండాలని దొరల పట్టు. షికాగోలో అంతస్తు మీద అంతస్తు లేస్తోందట, న్యూయార్కులో వంతెనలు వేస్తున్నారట, వాళ్ళకి దూలాలు కావాలి, దూలాలకి మేం కావాలి. అందుకని మావాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టుకున్నారు. డిసెంబరు పండక్కి స్లోవాకు ఇంట్లో కూర్చుంటే, రుసీను వాడి బిళ్ళ మెడలో వేసుకుపోయి వాడి పని చేస్తాడు. జనవరి పండక్కి స్లోవాకు ఆ రుణం తీరుస్తాడు. గేటు దగ్గర గుమాస్తా ఇత్తడి బిళ్ళ మీద నంబరు చూస్తాడే తప్ప మొహం చూడడు. చూసినా వాడికి మేమంతా 'హంకీలు' అనే ఒకే తిట్టు, ఒకే మసి, ఒకే మీసం.

దొరికితే మాత్రం ఇద్దరికీ ఉద్వాసనే. ఏటి పొడుగునా ఏ మిల్లూ మళ్ళీ వాళ్ళకి గేటు తియ్యదు. ఆ సంగతి తెలిసి కూడా ఏటేటా చేసేవాళ్ళు. ఏడాదికి ఒక్కపూట పెళ్ళాంబిడ్డలతో కూర్చుని తేనె రాసిన పల్చటి అప్పం విరుచుకు తినాలని ఎవరికుండదు?

మతేజ్ స్లోవాకు. కరిగిన ఉక్కు పట్టే పెద్ద బాన దగ్గర పని. భార్య జుజానా, ముగ్గురు పిల్లలు. మిల్లు వాళ్ళిచ్చిన ఇంట్లో ఉంటూ, ఒంటరి మగవాళ్ళని బసకి పెట్టుకున్నారు. పగలు పనికి పోయినవాడి మంచం మీద రాత్రి పని చేసొచ్చినవాడు పడుకునేవాడు. పక్క ఎప్పుడూ చల్లారేది కాదు. ఎవడి మాంసం వాడు కొనుక్కొస్తే జుజానా ఒక్కో ముక్కకీ ఒక్కో రంగు దారం కట్టి అన్నిటినీ ఒకే కుండలో ఉడికించేది. ఎవడి ముక్క వాడికే వడ్డించేది. ఆ కుండ దగ్గర ఏనాడూ తగువు రాలేదు, అంత గట్టి మనిషి.

ఓలెక్సా ఆ బసలో ఉన్న రుసీను. కొండల్లోంచి వచ్చినవాడు. తాగడు, కొట్లాడడు. బొగ్గు, ముడి ఇనుము తోసే పని. ఊళ్ళో వదిలొచ్చిన పరాస్కా అనే పిల్లకి ఓడ టికెట్ పంపించాడు. జనవరి పండగ వెళ్ళాక వస్తుంది, ఈస్టరు ముందరి ఉపవాసాలు మొదలయ్యేలోగా పెళ్ళి. ఆ పిల్లకని గులాబీల శాలువా ఒకటి కొని దిండు కింద పెట్టుకున్నాడు. దాన్ని బసలో వాళ్ళందరికీ చూపించడం అయిపోయింది. రెండోసారి చూపించడం కూడా అయిపోయింది.

ఆ డిసెంబరు పండగ సాయంత్రం మతేజ్ తన బిళ్ళ తీసి ఓలెక్సా మెడలో వేశాడు.

"నా పనిలో కునుకు తియ్యకురోయ్. మతేజ్ సోమరిపోతని పేరొస్తుంది."

"ఆ పేరు ఎప్పుడో వచ్చిందన్నా. నేను కొత్తగా తెచ్చిపెట్టేదేం లేదు," అన్నాడు ఓలెక్సా.

జుజానా నవ్వి, పిల్లల కోసం దాచిన గసగసాల రొట్టెముక్కలు ఒక గుడ్డలో కట్టి ఇవ్వబోయింది. "ఇవైనా తీసుకుపోరా. మాంసం కాదుగా."

"పాలూ వెన్నా పడ్డాయి కదొదినా, మాకింకా ఉపవాసమే. పరాస్కా వచ్చాక ఇద్దరికీ కలిపి పెడుదువుగాని," అని ఎండురొట్టె, ఉల్లిపాయ సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు.

తెల్లారి చర్చి నుంచి అందరూ వచ్చి బల్ల చుట్టూ కూర్చున్నాక తలుపు కొట్టారు. మిల్లు మేస్త్రీ, అతని మాట చెప్పడానికి సారాకొట్టు యజమాని. మేస్త్రీ టోపీ తీశాడు. మిల్లువాడు మా ఇళ్ళలో టోపీ తీశాడంటే ఎవరో పోయారన్నమాటే.

"నీ మొగుడు బానలో పడ్డాడమ్మా. కాలు జారింది. ఏమీ మిగల్లేదు. గేటు దగ్గర రాసుకున్న నంబరుని బట్టి తెలిసింది," అన్నాడు సారాకొట్టువాడు. అంటూనే బల్ల కొసన కూర్చుని సూప్ తాగుతున్న మతేజ్‌ని చూశాడు. సారాకొట్టువాడు మావాడే. మేస్త్రీకి కాదు గాని వాడికి మొహాలు తెలుసు. చెంచా పట్టుకుని బిగుసుకుపోయిన మతేజ్ వైపు ఒకసారి, జుజానా వైపు ఒకసారి చూసి నోరు మూసుకున్నాడు.

జుజానా మేస్త్రీ మొహంలోకి చూస్తూ నిలబడింది. ఆవిడకి ముందు ఓలెక్సా గుర్తొచ్చాడు, రొట్టెముక్కలు వద్దన్న ఆ నవ్వుమొహం. అది నిజం. ఆ వెంటనే మేస్త్రీ ఇంకేదో అన్నాడు.

"ఏమంటున్నాడు?" అంది జుజానా.

"ఇల్లు మిల్లువాళ్ళది అంటున్నాడు. మిల్లులో మగాడుంటేనే ఇల్లు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. లేకపోతే..." సారాకొట్టువాడు గొంతు సవరించుకున్నాడు. "లేకపోతే నీ బసలో మిల్లు మనిషి ఇంకొకడు ఎవడైనా ఇంటి పెద్దగా ఉంటానంటే వాడి నంబరు రాసుకుంటారట."

కిందటి చలికాలంలో పక్కింటివాళ్ళని ఇలాగే ఖాళీ చేయించారు. రైలు వంతెన కింద పడుకున్నారు. చంటిబిడ్డ తెల్లారేసరికి బిగుసుకుపోయింది. ఆ బిడ్డకి పాత దుప్పటి చుట్టి ఇచ్చింది జుజానాయే. ఇప్పుడావిడ వెనక తన ముగ్గురు పిల్లలు అప్పం ముక్కల కోసం కొట్టుకుంటున్నారు.

ఆవిడ ఒక్కసారి జుట్టు విప్పుకుని గొంతెత్తి ఏడ్చింది. "అయ్యో నా మతేజ్! నన్ను దిక్కులేనిదాన్ని చేసి పోయావా!" అని గుండెలు బాదుకుంది. ఆ ఏడుపు కొంత ఓలెక్సా కోసం నిజంగా ఏడ్చిందే. ఎంత నిజం, ఎంత నటన అని తూచడానికి నేనెవర్ని? ఏడుస్తూనే చెయ్యి చాపి బల్ల కొసన ఉన్న మనిషిని చూపించింది. "ఇదుగో, ఈ ఓలెక్సా ఉంటాడు ఇంటి పెద్దగా. వీడి నంబరు రాసుకోమను."

మతేజ్ నోరు తెరిచాడు. జుజానా కళ్ళు చూసి మూశాడు. మేస్త్రీ నంబరు రాసుకుని, పాపం అన్నట్టు తలూపి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మిల్లువాళ్ళు శవపేటిక పంపించారు. లోపల ఒక ఉక్కు ముద్ద. మిగతా ఉక్కుని పారబోస్తారా? దూలాలు చేసి బండెక్కించారు. ఓలెక్సా ఏ ఊళ్ళో ఏ మేడని మోస్తున్నాడో మాకెవరికీ తెలియదు. ఆ పేటికని మోసినవాళ్ళలో మతేజ్ కూడా ఒకడు. తన పేరున్న శిలువ వెనకే, తన పెళ్ళాం ఏడుపు వింటూ నడిచాడు. వెనక నుంచి ఎవడో, "నీ పెళ్ళికంటే నీ చావుకే ఎక్కువమంది వచ్చార్రా మతేజ్," అని గొణిగాడు. ఇద్దరు ముగ్గురు నవ్వాపుకోలేక దగ్గారు. ఏడవాల్సినచోట నవ్వొస్తే మనిషేం చేస్తాడు.

పాపం ఓలెక్సాకి వాళ్ళ పద్ధతిలో ప్రార్థన కూడా దక్కలేదు. స్లోవాకుల గురువు వచ్చి లాటిన్‌లో చదివి మతేజ్‌ని మట్టికి అప్పగించాడు. రుసీనులు టోపీలు చేతుల్లో పట్టుకుని దొంగకి తేలు కుట్టినట్టు నిలబడ్డారు. వాళ్ళలో సగం మంది పండగ రాత్రి ఇంకొకరి బిళ్ళ వేసుకున్నవాళ్ళే. ఓలెక్సా పేరు ఎత్తితే తీగ లాగినట్టే, డొంకంతా కదులుతుంది. ఓలెక్సాతో ఒకే ఊరి నుంచి, ఒకే ఓడలో వచ్చిన ఫెదోర్ అనే కొలిమివాడు కూడా ఉన్నాడు. ఆ రాత్రి వాడి మెడలోనూ పక్క బసవాడి బిళ్ళే. వాడు సమాధి దగ్గర నుంచి తిన్నగా సారాకొట్టుకి పోయాడు.

మర్నాటి నుంచి మతేజ్ ఓలెక్సా బిళ్ళ మెడలో వేసుకుని ఓలెక్సా చేసిన ముడి ఇనుము పనికి వెళ్ళడం మొదలుపెట్టాడు. మిల్లులో పేర్లుండవు, నంబర్లే కనుక ఇబ్బంది లేదు. ఇంట్లో మాత్రం మతేజ్ మతేజే. వీధి వీధంతా నోరు కుట్టేసుకుంది. ఇక మిగిలింది ఒక్క పరాస్కా. ఓడెక్కేసిన మనిషిని వెనక్కి పిలవలేరు కదా.

స్టేషనుకి జుజానాయే వెళ్ళింది. ఓలెక్సా సామాను అంతకుముందే పొయ్యిలో పెట్టేసింది. పారిపోయాడని చెప్పాల్సి వస్తే, పారిపోయినవాడు బట్టలు వదిలిపోతాడా మరి? శాలువా ఒక్కటీ కాల్చబుద్ధి కాలేదు. అంత మంచి ఉన్ని, అంత నిగనిగలాడే గులాబీలు. పైగా చలి. అదే తలకి చుట్టుకుని వెళ్ళింది.

పరాస్కా కోటుకి చీటీ గుచ్చి ఉంది. బుగ్గలు చలికి కందిపోయాయి. చేతిలో మూట, ఇంకో చేతిలో ఓలెక్సా అరువు సూటు వేసుకుని తీయించుకున్న ఫొటో. జనంలో వెతుకుతోంది. జుజానా దగ్గరికి వెళ్ళి పేరు చెప్పగానే పిల్ల వంగి చెయ్యి ముద్దుపెట్టుకుంది.

"జుజానక్కేనా? మీ గురించి అన్నీ ఉత్తరాల్లో రాయించాడు. ఏడీ ఆయన? పనిలో ఉన్నాడా?" అని, సమాధానం వచ్చేలోగా, "ఎంత బాగుందక్కా మీ శాలువా," అంది.

జుజానాకి నిజం చెబుదామనిపించింది. అనిపించిన మాట వాస్తవం, తర్వాత ఆవిడే ఎవరితోనో అంది. కానీ చెబితే ఈ పిల్ల ఊరుకుంటుందా? ఏడుస్తుంది, గురువు దగ్గరికి పోతుంది, నలభయ్యో రోజు ప్రార్థన చేయించాలంటుంది, ఏ సమాధి అంటుంది. మిల్లుకి చెవులు లేని చోటు లేదు.

"ఇంటికి పద. చెప్తాను," అంది.

ఇంటికొచ్చి వేడి సూప్ పెట్టి, తాగడం అయ్యాక చెప్పింది. "వాడు వెళ్ళిపోయాడే పిల్లా. పడమటికి. ఏ గనో ఏ రైలు పనో తెలీదు. చెప్పకుండా పోయాడు."

పరాస్కా నమ్మలేదు. "ఓలెక్సా చెప్పకుండా వెళ్ళే మనిషి కాదక్కా. ఏదో అయ్యుంటుంది." తిరిగి వెళ్ళడానికి దారిఖర్చు లేదు, ఇంకెవరూ లేరు. జుజానా ఇంట్లోనే ఉండిపోయింది. పంపు దగ్గర నుంచి నీళ్ళు మోసేది, మసి బట్టలు ఉతికేది, పని నుంచి వచ్చిన మగవాళ్ళ వీపులు సబ్బు పెట్టి తోమేది. బసల్లో అది ఆడవాళ్ళ పనే. జుజానా నడుముకి కాస్త విశ్రాంతి దొరికింది. జీతం మాటే రాలేదు, తిండి పెడుతోందిగా.

ఇంతటితో ఆగితే బాగుండేది. కానీ పరాస్కా రోజూ పనివాళ్ళు దిగే వేళకి మిల్లు గేటు దగ్గర నిలబడేది. ఆ ఫొటో పట్టుకుని వచ్చేపోయే ప్రతివాడినీ అడిగేది. "ఈయన్ని చూశారా? ఎటుపోయాడో చెప్పి పోయాడా?" మావాళ్ళు తలొంచుకుని పక్కనించి పోయేవాళ్ళు. ఒకరోజు ఐరిష్ కాపలావాడు ఫొటో చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ మొహం ఏ నంబరుదో వాడికి గుర్తొస్తే మా పని అయిపోయినట్టే.

ఆ సాయంత్రం మతేజ్ గేటు నుంచి తిన్నగా ఇంటికొచ్చాడు. "చెప్పేద్దామే జుజానా. ఆ పిల్ల మొహం చూడలేకపోతున్నాను. నా వీపు తోముతుంటే నాకు ఒళ్ళు జలదరిస్తోంది."

"చెప్పి? వంతెన కింద పడుకుందామా? నీకేం, నువ్వు చచ్చిపోయినవాడివి. నీకు చలి వెయ్యదు. నా పిల్లలకి వేస్తుంది."

"వాడు నా బదులు పోయాడే."

"పోయాడు కదా. ఇక మళ్ళీ పోలేడు. బతికున్నవాళ్ళ సంగతి చూడు," అంది జుజానా. దయ లేక కాదు. ఉన్న కాస్త దయా ముగ్గురు పిల్లలకే సరిపోయింది.

మర్నాడు పరాస్కాని పక్కన కూర్చోబెట్టుకుని బంగాళాదుంపలు తరుగుతూ మొదలుపెట్టింది. "చెప్పకూడదనుకున్నాను పిల్లా. నువ్వు తట్టుకోలేవని. వాడు ఒంటరిగా పోలేదు. సారాకొట్టులో పనిచేసే ఐరిష్ది ఉండేది, ఎర్రజుట్టుది. దానికి కడుపైంది. దాన్ని తీసుకుని పోయాడు."

"అబద్ధం."

"నీ టికెట్ మాట ఎత్తితే ఏమన్నాడో తెలుసా? 'ఆ కొండపిల్లని ఎవడు చేసుకుంటాడొదినా, వచ్చాక నీ బసలో గిన్నెలు తోమించుకో,' అన్నాడు. అంటూ నవ్వాడే."

పరాస్కా చేతిలో కత్తి ఆగింది. మనిషి చనిపోయాక వాడి నోట్లో ఏ మాట పెట్టినా కాదనడానికి ఉండడు. ఆ పిల్ల ఏడవలేదు. తరగాల్సిన దుంపలన్నీ తరిగి, తొక్కలు ఎత్తి, ఫొటో తీసుకెళ్ళి పొయ్యిలో పడేసింది. ఆ తర్వాత గేటు దగ్గరికి వెళ్ళలేదు. జుజానా ఊపిరి పీల్చుకుంది.

పంపు దగ్గర ఆడవాళ్ళు మాత్రం వదల్లేదు. నిజం తెలిసినవాళ్ళు నోరు మూసుకున్నారు. తెలియని పై వీధులవాళ్ళు, "పెళ్ళికొడుకేడే పరాస్కా? ఓడ దిగేలోపే మీ ఆయన తండ్రైపోయాడటగా," అని నవ్వారు. నిజం తెలిసినవాళ్ళలో కూడా ఒకరిద్దరు నవ్వారు. నవ్వకపోతే అనుమానం వస్తుందనట. మనుషులు దేనికైనా కారణం చెప్పుకుంటారు.

ఈస్టరుకి ముందు పెద్ద ఉపవాసాలు వచ్చాయి. రుసీనులకి అప్పటికింకా సొంత చర్చి లేదు. కొట్టు మీద అద్దె హాలు. గురువు వేరే ఊరి నుంచి వచ్చేవాడు. ఉపవాసాల శనివారాల్లో చనిపోయినవాళ్ళ పేర్లు చదివించడం వాళ్ళ ఆనవాయితీ. ఇంటింటి పేర్లూ గురువు గొంతెత్తి చదువుతుంటే జనం మోకాళ్ళ మీద కూర్చుని వింటారు.

ఆ కొండల్లో ఇంకో ఆనవాయితీ కూడా ఉంది, గురువులకి తెలియనిది. బతికున్నవాడి పేరు చచ్చినవాళ్ళ పేర్లలో చదివించి, కొవ్వొత్తిని తలకిందులు చేసి అడుగువైపు వెలిగిస్తే, ఆ కొవ్వొత్తి కరిగినట్టు వాడు కరిగిపోతాడట. మోసపోయిన ఆడవాళ్ళు చేసే పని. పరాస్కా నాయనమ్మ ఎప్పుడో చెప్పింది. మొదటి శనివారం గురువు రాలేదు. అందరూ పనికి పోయాక పరాస్కా, జుజానా వంటింట్లో తనొక్కతే కూర్చుని ఒక కొవ్వొత్తి అడుగు గీకి, వత్తి బయటికి లాగి, తలకిందులుగా వెలిగించింది. "నన్ను నవ్వులపాలు చేశావు. నువ్వు కరిగిపో. నీ ఎముక కూడా మిగలకూడదు," అంది. అలాగే అందట. తర్వాత తనే చెప్పింది.

రెండో శనివారం గురువు వచ్చాడు. పరాస్కా తలకి ముసుగేసుకుని వెళ్ళి పేరు చెప్పింది. ఆయనకేం తెలుసు, ఈ వీధికి కొత్త. రాసుకున్నాడు. ప్రార్థన మొదలైంది. పేరు వెంట పేరు. గనిలో పోయినవాళ్ళు, సముద్రంలో పోయినవాళ్ళు, ఊళ్ళో ముసలివాళ్ళు. ఆ తర్వాత గురువు గొంతు మామూలుగానే పలికింది. "దేవుని సేవకుడు ఓలెక్సా."

హాలంతా ఒక్కసారి కదిలింది. వంచిన తలలు లేచాయి, పరాస్కాని చూశాయి, మళ్ళీ వంగాయి. పండగనాటి నుంచి ఏ నోటా రాని పేరు. మగవాళ్ళలో ఒకడు శిలువ గుర్తు వేసుకున్నాడు, పక్కవాడు వేసుకున్నాడు, వరసంతా వేసుకుంది. ముసలమ్మలు ముక్కులు చీదారు. ఫెదోర్ నేలకి నుదురు ఆనించి భోరుమన్నాడు. చచ్చినవాళ్ళకి పాడే 'నిత్య స్మరణ' పాట ఎత్తుకునేసరికి ఆ రేకుల కప్పు అదిరిపోయేలా పాడారు. అన్నాళ్ళు మింగినదంతా ఆ పాటలో కక్కేశారు.

పరాస్కా చేతిలో తలకిందుల కొవ్వొత్తి కరుగుతోంది. తను శపించడానికి వచ్చింది. వీళ్ళెందుకు ఏడుస్తున్నారు?

మెట్లు దిగుతుండగా ఫెదోర్ వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎవరో నిజం చెప్పేశారనే అనుకున్నాడు వాడు. "మంచి పని చేశావమ్మీ. మా ఎవ్వరికీ ధైర్యం లేకపోయింది. ఇన్నాళ్ళకి వాడికో ప్రార్థన దక్కింది."

"దక్కడమేంటి? ఆయన చచ్చిపోయాడా?"

ఫెదోర్ మొహం పాలిపోయింది. చెయ్యి వదిలేశాడు.

"చచ్చిపోయాడా అన్నయ్యా? నోరు తెరువు!"

"చచ్చిపోయాడు తల్లీ," అన్నాడు, ఇక అబద్ధం ఆడలేక. "ఎప్పుడు? ఎక్కడ?" అంటే మాత్రం పెదవి కొరుక్కున్నాడు. "జుజానా వదినని అడుగు."

పరాస్కా వాడి చొక్కా వదల్లేదు. వీధంతా ఈడ్చుకుంటూ ఇంటికి తీసుకొచ్చింది. వంటింట్లో మతేజ్ చెక్క తొట్టెలో కూర్చుని ఉన్నాడు. మెడలో ఇత్తడి బిళ్ళ. జుజానా వాడి వీపు తోముతోంది, ఆ రోజు పరాస్కా చర్చికి వెళ్ళింది కనుక.

"అక్కా, ఓలెక్సా చచ్చిపోయాడట. ఫెదోర్ అన్నయ్య చెప్పాడు. నీకు తెలుసా?"

జుజానా చేతిలో బ్రష్షు ఆగింది. ఫెదోర్ వైపు చూసింది. ఫెదోర్ నేల చూశాడు.

"జుజానా," అన్నాడు మతేజ్ నీళ్ళలోంచి. "ఇక చాలే. చెప్పెయ్."

అప్పుడు చెప్పేదేనేమో. నేనలాగే అనుకుంటాను. నోరు తెరిచింది కూడా. కానీ పరాస్కా ఆగలేదు. మోకాళ్ళ మీద పడి, చేతిలో ఇంకా పట్టుకునే ఉన్న కొవ్వొత్తి ముక్క చూపించి, మాటలు తడబడుతూ అంతా కక్కేసింది. నాయనమ్మ చెప్పిన సంగతి, గురువుకి పేరివ్వడం, తలకిందుల వత్తి, అన్నీ. "నేనే అక్కా. కరిగిపొమ్మన్నాను. ఎముక కూడా మిగలకూడదన్నాను. నాకు కోపం వచ్చింది గాని నిజంగా చస్తాడని అనుకోలేదు. ఎప్పుడు పోయాడో చెప్పక్కా. నేను పేరివ్వకముందే పోయాడని చెప్పు."

మతేజ్ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. పక్కగదిలో పిల్లలు మంచం మీద గెంతుతున్నారు. పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. జుజానా ఆ పిల్లని చూసింది. ఈ పిల్ల ఇక గేటు దగ్గర నిలబడదు. ఎవరినీ ఏదీ అడగదు. తనకు తానే తాళం వేసుకుని తాళంచెవి తెచ్చి చేతిలో పెడుతోంది.

"కొవ్వొత్తి మొట్టమొదట ఎప్పుడు వెలిగించావు?" అని అడిగింది జుజానా.

"కిందటి శనివారం. ఇక్కడే. అందరూ పనికి పోయాక."

జుజానా బ్రష్షుని నీళ్ళలో ముంచి పిండింది. "కబురు నిన్ననే వచ్చింది. నీకెలా చెప్పాలా అని చూస్తున్నాను. పడమట ఏదో గనిలో అట." బ్రష్షు మళ్ళీ మతేజ్ వీపు మీద పెట్టింది. "ఆ శనివారమే."

ఫెదోర్ ఒక అడుగు ముందుకి వేశాడు. జుజానా వాడి వైపు తిరిగి మామూలు గొంతుతో, "ఫెదోర్, పండగ రాత్రి నీ మెడలో ఎవరి బిళ్ళ ఉందో నాకు గుర్తుంది," అంది. వాడు ఆగాడు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

పరాస్కా నేల మీద ముడుచుకుపోయింది. ఏడుపు కూడా రావడం లేదు. కాసేపటికి పాక్కుంటూ వచ్చి జుజానా తడిచెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుంది. "ఎవ్వరికీ చెప్పకక్కా. నీ కాళ్ళు పట్టుకుంటాను. నీ ఇంట్లో జీవితాంతం చాకిరీ చేస్తాను. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

"చెప్పనులే, పిచ్చిదానా," అంది జుజానా, ఆమె తల నిమిరి. "ఈ ఇంట్లో మాట బయటికి పోదు. లే. నీళ్ళు చల్లారిపోతున్నాయి, అన్న వీపు తోము."